1907 పుస్తకంలో లేని భీమవరం

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లెటూరు. భీమవరంలో ఎం.ఏ. ఎకనామిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పశ్చిమ డెల్టాలో వరి పొలాలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారడం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఇంగ్లీషులో రాయాలి. మొదటి డ్రాఫ్టు కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో పెడితే 34 శాతం సిమిలారిటీ వచ్చింది. గైడ్ గారు పదిలోపు తెమ్మన్నారు, అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఫ్రెండ్సేమో పదాలు మార్చే యాప్‌లో వేసెయ్యమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకా కొన్ని సందేహాలు. వికీపీడియాను రిఫరెన్సుగా పెట్టొచ్చా? 1907 నాటి గోదావరి గెజెటీర్ (జిల్లా వివరాల ప్రభుత్వ పుస్తకం)లోని భీమవరం తాలూకా సాగు లెక్క ఒక పాత థీసిస్‌లో దొరికింది. దాన్ని గెజెటీర్ పేరు మీదే రాసుకున్నాను, పర్వాలేదా? మా తాతయ్య, ఊళ్లో రైతులు చెప్పినవి ఎలా చూపించాలి? పేపర్ కటింగుల సంగతేమిటి? తెలుగువాళ్ల పేర్లు ఏ వరసలో రాయాలి? గైడ్ గారి వ్యాసాలు రెండైనా రిఫరెన్సుల్లో ఉండి తీరాలని సీనియర్లు అంటున్నారు, నిజమేనా? వచ్చే నెలలో సబ్మిషన్.
ఒక విద్యార్థిని, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: మీరు 34 శాతం చూసి కంగారు పడుతున్నారు. నన్ను కంగారు పెట్టింది మాత్రం మధ్యలో మామూలుగా రాసేసిన ఆ గెజెటీర్ మాట. అక్కడి నుంచే మొదలుపెడతాను.

1907లో వచ్చిన గోదావరి జిల్లా గెజెటీర్ ఎఫ్.ఆర్. హెమింగ్‌వే రాసింది. అందులో చివర తాలూకాలవారీ వివరాలుంటాయి. అమలాపురం ఉంది, రామచంద్రపురం ఉంది, నగరం ఉంది, కాకినాడ, పిఠాపురం, తుని ఉన్నాయి. భీమవరం లేదు. 1904లో జిల్లాల సరిహద్దులు మార్చినప్పుడు గోదావరికి పడమట ఉన్న తణుకు, భీమవరం, నరసాపురం, ఏలూరు వంటి తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపేశారు. గుంటూరు జిల్లా పుట్టిందీ ఆ మార్పుల్లోనే. 1925లో పశ్చిమ గోదావరి విడిగా ఏర్పడేదాకా మీ భీమవరం, మీ పాలకొల్లు కాగితాల మీద కృష్ణా జిల్లా ఊళ్లే.

ఇప్పుడు మీ డ్రాఫ్టులోని వాక్యం తీసి చూసుకోండి. 1907 గోదావరి గెజెటీర్ ప్రకారం భీమవరం తాలూకాలో సాగు ఇంత అని ఉంది కదా. వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు, బయటి నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్‌కి ఈ జిల్లాల చరిత్ర కాస్త తెలిసినా చాలు, "ఆ పుస్తకం చూశావామ్మా?" అని అడుగుతారు. చూశానంటే అబద్ధం. చూడలేదంటే, చూడని పుస్తకాన్ని ఎందుకు పెట్టావన్నది తర్వాతి ప్రశ్న. అక్కడి నుంచి మీ మిగతా రిఫరెన్సులన్నిటినీ అనుమానంగానే చూస్తారు. వాటిలో మీరు నిజంగా కష్టపడి చదివినవి కూడా ఉంటాయి పాపం.

ఆ థీసిస్ రాసినవారు ఏం చేసి ఉంటారు? 1878లో హెన్రీ మోరిస్ గోదావరి జిల్లా మీద రాసిన పుస్తకం ఒకటుంది. అప్పటికి భీమవరం గోదావరి జిల్లాలోనే ఉంది. లెక్క అందులోది అయ్యుండి, టైపు చేసేటప్పుడు పుస్తకం పేరు తారుమారై ఉండొచ్చు. లేదా వారు కూడా ఇంకెవరి థీసిస్ నుంచో ఎత్తి ఉండొచ్చు. వాళ్ల ఫుట్‌నోట్ పట్టుకుని వెనక్కి వెళ్తే గానీ తేలదు. వెళ్లడం మీ పని, అమ్మా. ఈ పని తప్పించుకోడానికే చాలామంది పైవాడి రిఫరెన్సును తమ రిఫరెన్సుగా దించేస్తారు. అలా ఒక తప్పు అంకె నాలుగు థీసిస్‌లు దాటేసరికి నాలుగు ఆధారాలున్న నిజమై కూర్చుంటుంది.

సూత్రం చిన్నదే. మీ చేతిలో పడిన కాగితం ఏదో దాన్నే చెప్పండి. గెజెటీర్‌లో నిజంగానే ఉన్న లెక్కను మీరు థీసిస్‌లో మాత్రమే చూస్తే, వాక్యంలో "హెమింగ్‌వే, 1907, ఫలానావారి థీసిస్ 63వ పేజీలో ఉటంకించిన ప్రకారం" అన్న అర్థం వచ్చేలా రాయాలి. వెనక రిఫరెన్సుల జాబితాలో మాత్రం థీసిస్ ఒక్కటే ఉండాలి, గెజెటీర్ ఉండకూడదు. రిఫరెన్సులు రాసే పద్ధతుల్లో ఒకటైన ఏపీఏ కూడా ఇదే చెబుతుంది. ఇలా రాయడం నామోషీ ఏమీ కాదు. అయితే ఒకటి రెండు చోట్లయితే బాగుంటుంది, పేజీకి మూడు చొప్పున ఉంటే మాత్రం అసలు పుస్తకాలేవీ తెరవలేదని అర్థమైపోతుంది.

మీ విషయంలో అసలు పుస్తకం చూడటం కష్టమేమీ కాదు. ఇలాంటి పాత గెజెటీర్ల స్కాన్ కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. కాగితం మీదే చూడాలనిపిస్తే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి ఒకసారి వెళ్లిరండి, పాత పుస్తకాలకు మన వైపు అంతకంటే మంచి చోటు లేదు. స్కాన్ కాపీ వాడేటప్పుడు ఒక్క జాగ్రత్త. పీడీఎఫ్ పైన కనిపించే పేజీ నంబరు వేరు, పుస్తకం మీద అచ్చయిన పేజీ నంబరు వేరు. అట్ట, ముందుమాట, విషయసూచిక అన్నీ కలిపి లెక్కేస్తుంది కాబట్టి పీడీఎఫ్ పది పదిహేను పేజీలు ముందుకు పోతుంది. మీరు రాయాల్సింది అచ్చయిన నంబరు. మీరు చూసింది ఈమధ్య వేసిన రీప్రింట్ అయితే రెండు సంవత్సరాలూ ఇవ్వండి. మొదటిసారి అచ్చయిన ఏడు ఇవ్వకపోతే వందేళ్ల నాటి లెక్క నిన్న మొన్నటిదిలా కనిపిస్తుంది.

1904కి ముందు మీ ఊళ్ల లెక్కలు కావాలంటే గోదావరి జిల్లా కాగితాల్లో వెతకాలి. 1911, 1921 జనగణనలకు కృష్ణా జిల్లా సంపుటాలు చూడాలి. 1931 నుంచి పశ్చిమ గోదావరి. అక్కడితో కథ అయిపోలేదు, 2022 ఏప్రిల్‌లో మళ్లీ జిల్లాలు మారాయి. 2011 జనగణనలో పశ్చిమ గోదావరి అంటే ఏలూరు, జంగారెడ్డిగూడెం అన్నీ కలిపి 39 లక్షల పైచిలుకు జనం. ఇప్పుడు భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో అందులో సగం మంది కూడా లేరు. మీరు 2011 నాటి చెరువుల విస్తీర్ణాన్నీ 2023 నాటి విస్తీర్ణాన్నీ "పశ్చిమ గోదావరి జిల్లా" అని ఒకే టేబుల్‌లో పక్కపక్కన పెడితే, చెరువులు తగ్గిపోయాయని తేలినా ఆశ్చర్యం లేదు. అందుకని జిల్లా లెక్క ఇచ్చిన ప్రతిచోటా అది ఏ సంవత్సరపు సరిహద్దుల ప్రకారమో టేబుల్ కింద ఒక ముక్క రాయండి. వీలైతే మండలాలవారీ లెక్కలు తెచ్చుకుని మీరే కూడుకోండి. ఆధారం ఇవ్వడమంటే శాఖ పేరు రాసి చేతులు దులుపుకోవడం అనుకుంటారు మన పిల్లలు. ఏ శాఖ, ఏ నివేదిక, ఏ ఏడు, ఎన్నో పట్టిక అన్నీ ఉంటేనే ఇంకొకరు వెళ్లి సరిచూసుకోగలరు.

ఇక 34 శాతం.

ఆ అంకె మీరు దొంగతనం చేశారని చెప్పడం లేదు. మీ వాక్యాలు ఇంకెక్కడో ఉన్న వాక్యాలతో ఎంత మేర కలిశాయో చెబుతోంది, అంతే. రిపోర్టు తెరిచి, కలిసిన భాగాలకు వేసిన రంగులు చూడండి. సర్టిఫికెట్ పేజీ, డిక్లరేషన్, రిఫరెన్సుల జాబితా కూడా లెక్కలోకి వెళ్లాయేమో చూడండి. అవి ఏ కాలేజీలోనైనా ఒకేలా ఉంటాయి కాబట్టి కలుస్తాయి. 2018లో యూజీసీ తెచ్చిన ప్లేజరిజం (కాపీ) నిబంధనల్లోనే ఇలాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. ఆధారం చూపించి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన విషయాలు, యాదృచ్ఛికంగా కలిసిన మాటలు వరసగా 14 పదాల వరకు ఉన్నా వదిలేయాలి. మీ రిపోర్టు ఈ ఫిల్టర్లు పెట్టకుండా తీశారేమో గైడ్ గారిని గానీ లైబ్రేరియన్‌ను గానీ అడగండి. ఈ ఒక్కదానితోనే అంకె బాగా దిగొచ్చిన ప్రాజెక్టులు నేను చూశాను.

అవే నిబంధనల్లో శిక్షల మెట్లు కూడా ఉన్నాయి. పది శాతం దాకా ఏమీ లేదు. పది దాటి 40 దాకా అయితే సవరించి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇవి థీసిస్‌లకూ డిసర్టేషన్లకూ పెట్టినవి. మీ యూనివర్సిటీ పీజీ ప్రాజెక్టులకు ఇంకేమైనా నియమం పెట్టిందేమో కనుక్కోండి. ఏమైనా మీది ఇంకా డ్రాఫ్టు. ఎవరికీ సమర్పించలేదు. నిద్ర పాడుచేసుకోకండి.

అయితే పదిలోపు వస్తే గండం గడిచిందనుకోవడమూ పొరపాటే. మొత్తం ఆరు శాతమే వచ్చినా, ఆ ఆరూ మీ ముగింపు అధ్యాయంలో ఒకే చోట, ఒకే మనిషి దగ్గర్నుంచి తీసుకున్న రెండు పేరాలైతే అది కాపీయే. ఇంకో సంగతి. తెలుగు వ్యాసంలో ఉన్నదాన్ని మీరు ఇంగ్లీషులోకి మార్చి పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు పట్టుకోలేదు. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న తెలుగు పీడీఎఫ్‌లనైతే అది చదవనే చదవలేదు. యంత్రానికి దొరకనంత మాత్రాన ఆ ఆలోచన మీదైపోదు. ఆ తెలుగు వ్యాసం రాసిన మాస్టారు మీ పక్క ఊళ్లోనే ఉండి ఉంటారు, మీ వైవాకు వచ్చేదీ ఆయనే కావచ్చు.

పదాలు మార్చే యాప్ జోలికి మాత్రం పోవద్దు. ఎందుకో ఒక వాక్యం పెట్టి చూపిస్తాను. కింది వాక్యం నేనే అల్లాను, రచయిత కూడా ఊహే. సుబ్బారావుగారనుకోండి, 2012లో రాసిన పుస్తకం 47వ పేజీ అనుకోండి. దాళ్వా అంటే రెండో పంట, వంతు అంటే కాలువ నీళ్లు వదిలే వరస.

"శివారు ఆయకట్టులో దాళ్వాకు నీళ్లందక రైతులు విసిగిపోయి ఉన్నారు, చెరువు తవ్వితే కాలువ వంతు కోసం కాచుకోనక్కర్లేదన్నదే వాళ్లను మొదట ఆకర్షించింది, లాభం సంగతి తర్వాత తెలిసింది."

యాప్ ఏం చేస్తుందంటే: "ఆయకట్టు చివరి ప్రాంతంలో రెండో పంటకు నీరు లభించక కర్షకులు విసుగు చెంది ఉన్నారు, కొలను తవ్వితే కాలువ వంతుకై వేచి ఉండనవసరం లేదన్న అంశమే వారిని ప్రథమంగా ఆకట్టుకుంది, లాభం విషయం అనంతరం తెలిసింది."

వాక్యం ఎముకలన్నీ సుబ్బారావుగారివే, చొక్కా మార్చారు అంతే. పైగా రొయ్యల చెరువు కాస్తా కొలను అయి కూర్చుంది. ఇంగ్లీషులో ఇంతకంటే ఘోరంగా ఉంటుంది. ఆ యాప్‌లకు ఆక్వా రంగం మాటలు తెలియవు కాబట్టి సాంకేతిక పదాలను కూడా మార్చి పారేస్తాయి. చివర్లో "(సుబ్బారావు, 2012)" అని తగిలించినా ఇది సరైన పద్ధతి కాదు. వాక్యం ఆయనది, మీదన్నట్టు చూపిస్తున్నారు.

ఇలా చేసి చూడండి. ఆ పేజీ రెండుసార్లు చదవండి. పుస్తకం మూసెయ్యండి. మీ ఫ్రెండ్‌కి ఫోన్లో చెబుతున్నట్టు ఆయన ఏమన్నారో ఒక ముక్కలో రాయండి. తర్వాత పుస్తకం తెరిచి అర్థం తప్పలేదు కదా అని సరిచూసుకోండి. అప్పుడు ఇలాంటిదేదో వస్తుంది: "వరి నుంచి చెరువుల వైపు మళ్లడానికి లాభమే కారణమన్న వాదన సాధారణం. సుబ్బారావు (2012, పు. 47) మాత్రం శివారు రైతుల విషయంలో నీటి ఎద్దడినే ముందు పెడతారు. మేము మాట్లాడిన రైతుల్లో కాలువ మొదట్లో ఉన్నవారు ఈ కారణం చెప్పలేదు; చివర్లో ఉన్నవారు చెప్పారు." చూశారా, ఆయన మాట ఒక్క వాక్యానికి తగ్గింది, దాని పక్కన మీరు కనుక్కున్నది వచ్చి నిలబడింది. సిమిలారిటీ దానంతటదే పడిపోతుంది. ఆయన మాటలే బాగున్నాయి, మార్చబుద్ధి కావడం లేదనుకోండి, హాయిగా కొటేషన్ గుర్తుల్లో పెట్టి పేజీ నంబరు ఇవ్వండి. ఏపీఏలో 40 పదాలు గానీ అంతకుమించి గానీ ఉంటే కొటేషన్ గుర్తులు తీసేసి విడి పేరాగా లోపలికి జరిపి పెట్టాలి. అయితే ఇలాంటివి అధ్యాయానికి రెండు మూడు మించితే చదివేవాళ్లకు మీ గొంతు వినపడదు.

మీరు అడగలేదు గానీ, ఏఐ చాట్‌బాట్‌లను రిఫరెన్సులు అడిగి తెచ్చుకునే అలవాటు ఇప్పుడు బాగా ఉంది. అవి రచయిత పేరు, జర్నల్ పేరు, సంపుటం, పేజీలు అన్నీ ముచ్చటగా ఇస్తాయి. వెతికితే అలాంటి వ్యాసమే ఉండదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన కేసులను నిజమనుకుని కోర్టులో దాఖలు చేస్తే జడ్జి ఐదు వేల డాలర్ల జరిమానా వేశారు. మీ జాబితాలో డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉన్న ప్రతి వ్యాసానికీ ఆ లింకు ఒకసారి తెరవండి. తెరుచుకుని, అదే వ్యాసం కనబడితేనే ఉంచండి.

అన్నిటికీ ఆధారం ఇవ్వాలా అనీ మీలాంటి పిల్లలు అడుగుతుంటారు. అక్కర్లేదు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు, 1847లో మొదలై 1852కి పూర్తయింది, దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982కి పూర్తయింది. ఈ మాటలకు డెల్టాలో చదివే ప్రాజెక్టులో ఫుట్‌నోట్ పెడితే నవ్వుతారు. అదే ఆనకట్ట వచ్చాక పదేళ్లలో ఇన్ని ఎకరాలు సాగులోకి వచ్చాయి, శిస్తు ఇంత పెరిగింది అన్నారో, అది అంకె. అంకెకు ఆధారం ఉండాల్సిందే. కాటన్ మీద కట్టిన సంస్కృత శ్లోకం ఒకటి మన వైపు ప్రతి సభలోనూ చదువుతారు. గోదావరి స్నానానికి ముందు సంకల్పంలో ఆయన పేరు చెప్పుకునేవారని కూడా అంటారు. "అని చెప్పుకుంటారు" అని రాస్తే సరే. "చెప్పుకునేవారు" అని చరిత్రగా రాయాలంటే ఎవరు, ఎక్కడ, ఏ పుస్తకంలో నమోదు చేశారో చూపించాలి. మీది ఎకనామిక్స్ కాబట్టి నన్నడిగితే శ్లోకం తీసెయ్యండి. పీఠికలో కాటన్‌కు దండం పెట్టని ప్రాజెక్టు ఒక్కటైనా వస్తే చదవాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

వికీపీడియా సంగతి: చదవండి, పెట్టకండి. అడుగున ఉన్న మూలాల జాబితా దగ్గరకు వెళ్లి ఆ పుస్తకాలూ నివేదికలూ తెరిచి వాటిని పెట్టండి. మూలం లేని వాక్యమైతే మీకూ పనికిరాదు. తప్పనిసరై వికీ పేజీనే చూపించాల్సి వస్తే, ఆ రోజు మీరు చూసిన కూర్పుకు "శాశ్వత లింకు" ఇవ్వండి, ఎందుకంటే మామూలు లింకు కింద ఉన్న పేజీ రేపటికి మారిపోవచ్చు.

తాతయ్యగారి విషయానికొద్దాం. ఇది మీ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన సరుకని నా అనుమానం. మీరు ప్రశ్నావళి పట్టుకుని వెళ్లి రైతులను అడిగి రాసుకున్నది మీ సొంత డేటా. దానికి రిఫరెన్సు అక్కర్లేదు. ఎంతమందిని, ఏ ఊళ్లలో, ఏ నెలల్లో, ఎలా ఎంచుకుని కలిశారో మెథడాలజీలో చెప్పాలి. వాళ్ల మాటలు వాక్యంలో వాడేటప్పుడు పేర్లు వద్దు. "రైతు 7, ఉండి మండలం, మూడెకరాల చెరువు, లీజు" అని గుర్తు పెట్టుకోండి. మా పక్క చేనుకు ఉప్పునీరు ఊరుతోందని చెప్పినవాడి పేరు, ఆ చెరువు యజమాని పేరు ఒకే పేజీలో అచ్చయితే ఊళ్లో మీ తాతయ్యగారికే తలనొప్పి. అనుమతి లేకుండా చెరువు తవ్వానని నమ్మకం మీద చెప్పినవాళ్లూ ఉంటారు కదా.

తాతయ్యగారి మాట ఈ సర్వేలో భాగం కాకపోతే, ఆయనతో విడిగా మాట్లాడి తెలుసుకున్నదైతే, ఏపీఏలో దాన్ని వ్యక్తిగత సంభాషణ అంటారు. ఆయన పేరు, మాట్లాడిన తేదీ వాక్యంలోనే బ్రాకెట్లో ఇస్తే సరిపోతుంది. చదివేవాళ్లు వెళ్లి చూసుకునే వీలు లేదు కాబట్టి వెనక జాబితాలో రాయరు. ఫోన్లో రికార్డు చేసుకోండి, చేస్తున్నానని ముందే చెప్పండి. ఒక షరతు: మా కాలంలో సార్వాకు (మొదటి పంటకు) బస్తాలు ఇన్ని పండేవని తాతయ్యగారు చెబితే అది ఆయన పొలం సంగతి, ఆయన జ్ఞాపకం. దాన్నే "1970లలో పశ్చిమ డెల్టాలో దిగుబడి ఇంత" అని రాసేశారంటే ఆయనమీద మోయలేని బరువు పెట్టినట్టే.

ఆయన తెలుగులో చెప్పింది మీరు ఇంగ్లీషులో రాస్తున్నారు కాబట్టి "అనువాదం నాది" అని ఒకసారి మెథడాలజీలో రాయండి. సార్వా, దాళ్వా, వంతు, శివారు లాంటి మాటలు తెలుగు మాటలుగానే ఉంచి మొదటిసారి వచ్చినచోట అర్థం చెప్పండి.

పేపర్ కటింగుల్లో మన దగ్గర ఒక తిరకాసుంది. తెలుగు దినపత్రికల మెయిన్ పేజీలు వేరు, జిల్లా పేజీలు వేరు. భీమవరంలో వచ్చిన జిల్లా పేజీ రాజమండ్రిలో రాదు. పత్రిక పేరు, తేదీ, 5వ పేజీ అని మీరు రాస్తే ఇంకో ఊళ్లో ఆ తేదీ 5వ పేజీలో వేరే వార్త ఉంటుంది. అందుకని ఎడిషన్ పేరు, జిల్లా పేజీ అన్న మాట, విలేకరి పేరు ఉంటే అది, శీర్షిక అన్నీ రాయండి. వాట్సాప్‌లో తిరిగే తేదీలేని కటింగు ఎంత పనికొచ్చేదైనా పక్కన పెట్టండి, పత్రిక ఆఫీసులో గానీ లైబ్రరీ ఫైళ్లలో గానీ తేదీ దొరికాకే వాడండి.

మీ టాపిక్‌లో కోర్టు తీర్పు ఒకటి తప్పక వస్తుంది, ఎస్. జగన్నాథ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా. రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు ఇచ్చింది. తీర్పు వచ్చింది 1996 డిసెంబరు 11న. రిపోర్టుల్లో అచ్చయింది 1997లో, అందుకే (1997) 2 ఎస్‌సీసీ 87 అని ఉంటుంది. ఎస్‌సీసీ అంటే సుప్రీంకోర్టు కేసెస్ అనే తీర్పుల సంపుటాలు. ఒకచోట 1996, ఇంకోచోట 1997 చూసి రెండు తీర్పులనుకోకండి. 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని ప్రస్తావిస్తే దాని మూల పాఠమే చదివి చూపించండి, పత్రికలో వచ్చిన సారాంశం కాదు.

పేర్ల దగ్గర మాత్రం తల బొప్పి కట్టడం ఖాయం. రిఫరెన్సు పద్ధతులన్నీ ఇంటిపేరు చివర ఉండేవాళ్లు తయారుచేసుకున్నవి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఇంగ్లీషులోకి వెళ్లేసరికి ఒక్క అక్షరం అయిపోతుంది. రిఫరెన్సుల జాబితా తయారుచేసే జొటెరో లాంటి సాఫ్ట్‌వేర్‌కు కె. సుబ్బా రావు అని విడివిడిగా ఇస్తే అది చివరి ముక్క పట్టుకుని "రావు, కె. ఎస్." అంటుంది. అలా మీ జాబితాలో ఏడుగురు రావులు, నలుగురు రెడ్లు, ముగ్గురు రాజులు వరసగా చేరతారు. ఎవరెవరో మీకే తెలియదు. కాబట్టి ఇంగ్లీషులో రాసే రచయితలకు వాళ్లు సంతకం చేసుకునే పేరును విడగొట్టకండి, "సుబ్బారావు, కె." అనే ఉంచండి. కందుకూరి వీరేశలింగం లాంటి పేరును కందుకూరి కింద పెట్టాలా, వీరేశలింగం కింద పెట్టాలా అంటే, ఇంటిపేరు కింద పెట్టడమే నాకిష్టం, తెలుగు జాబితాల్లో అలవాటూ అదే. మీ గైడ్ గారు రెండోది అంటే రెండోదే కానివ్వండి. కానీ ఒకచోట అలా, ఇంకోచోట ఇలా వద్దు. జొటెరోలో రచయిత పేరు పక్కన రెండు గడులను ఒకే గడిగా మార్చే బటన్ ఉంది. తెలుగు పుస్తకాల పేర్లకు అది నొక్కి పేరు మొత్తం ఉన్నదున్నట్టు వేసెయ్యండి. సాఫ్ట్‌వేర్ ఉచితమే. నెలే ఉంది కాబట్టి జాబితా చేత్తో టైపు చేస్తూ కూర్చోకుండా ఈ వారమే అందులోకి ఎక్కించండి. ఎక్కించాక ప్రతిదీ కంటితో చూడండి, అది కూడా తప్పులు చేస్తుంది.

ఏపీఏనా, ఎంఎల్‌ఏనా, షికాగోనా అని మీరు అడగలేదు, మంచిదే. ఎకనామిక్స్ కాబట్టి మీ డిపార్టుమెంటు ఏపీఏ అనే అనొచ్చు, ఇప్పుడు నడుస్తున్నది ఏడో కూర్పు. పోయినేడాది పాసైన ప్రాజెక్టు ఒకటి తెచ్చుకుని చూస్తే తెలిసిపోతుంది.

చివరగా గైడ్ గారి వ్యాసాలు. సీనియర్లు చెప్పే ఇలాంటి మాటలు ప్రతి కాలేజీలోనూ ఉంటాయి, చాలాసార్లు గైడ్‌కే తెలియవు. ఆ రెండు వ్యాసాలూ తెచ్చుకుని చదవండి. డెల్టా నీటిపారుదల మీదో ఆక్వా మీదో అయి, మీ వాదనకు అక్కరకొస్తే మిగతావాళ్లను ఎలా ఉటంకించారో వారినీ అలాగే ఉటంకించండి. వారితో మీరు ఏకీభవించకపోతే అదీ మర్యాదగా రాయొచ్చు. వ్యాసాలు బ్యాంకింగ్ సంస్కరణల మీదైతే మీ జాబితాలో వాటికి పని లేదు. గైడ్ గారికి కృతజ్ఞతల పేజీ ఎలాగూ ఉంది, అక్కడ ఎంతైనా రాసుకోండి, నిబంధనల ప్రకారం అది సిమిలారిటీ లెక్కలోకి కూడా రాదు.